నోవహు కుడిచెయ్యి

శాలోమి రోజు మేకల పాలు పితకడంతో మొదలయ్యేది. మూడు మేకలు, ఒక పిల్ల, పదకొండు నాటుకోళ్ళు. చోడవరంలో చర్చి వెనక వీధి చివర రెండు గదుల రేకులిల్లు వాళ్ళది. ఇంటికి ఒకటే గుమ్మం, గుమ్మం ముందు చిన్న అరుగు, దాని ముందు వాకిలి. మేకలూ కోళ్ళూ ఆ వాకిట్లోనే. ఆమె కాపరానికొచ్చిన కొత్తలో చుట్టూ చెరుకు తోటలుండేవి. ఇప్పుడు మూడు వైపులా మేడలు లేచేయి, వీధికి కాలనీ అని పేరొచ్చింది. పాలు పితికి, గంప ఎత్తి కోళ్ళని వదిలి, గుడ్లు ఏరి, ప్రహరీ అవతల గిన్నె పట్టుకుని నిలబడ్డ అలివేలుమంగ గారికి పాలు పోసి, అప్పుడు మొగుడికి చొక్కా తొడిగేది.

చొక్కా తొడగడానికే ఎక్కువసేపు పట్టేది. ఎడమ చెయ్యి నోవహు తనే దూర్చుకునేవాడు. కుడివైపు భుజం దగ్గర్నుంచి వేలాడుతున్న తేనెపట్టు మీదుగా, ఒక్క ఈగ నలక్కుండా, శాలోమి చొక్కా చేతిని మెల్లిగా కిందికి దించేది. బస్టాండు దగ్గరి టైలరు అతని చొక్కాలకి కుడిచెయ్యి దిండు గలీబంత వెడల్పుగా కుట్టి, ఈగలు వచ్చిపోవడానికి చివర కుట్టు వెయ్యకుండా వదిలేసేవాడు. చర్చిలో వందనాలు చెప్పేవాళ్ళు ఎడమ చెయ్యి పట్టుకునేవారు. అనకాపల్లి బస్సులో అతనికి కిటికీ పక్క సీటు వదిలేసేవారు, ఈగలకి గాలాడాలని.

అసలు చెయ్యి పోయి నాలుగేళ్ళయింది. రావికమతం దారిలో ఒక బెల్లం గానుగలో నోవహు చెరుకు అందించేవాడు. జనవరిలో ఒక మధ్యాహ్నం రోలర్లు చెరుకుగడలతో పాటు అతని చేతిని కూడా లోపలికి తీసుకున్నాయి. విశాఖపట్నం ఆసుపత్రిలో భుజం దాకా తీసెయ్యాలన్నారు. శాలోమిని పిలిచి, కుడిచెయ్యమ్మా, ఇక్కడ సంతకం పెట్టు, అన్నారు. ఆమె సంతకం పెట్టింది. తరవాత బాత్రూములోకి పోయి, గడియ పెట్టుకుని, గోడకి చేరబడి ఊపిరి పీల్చుకుంది. గుండె నిండా పీల్చుకుంది. ఆ ఊపిరి గుర్తొచ్చి తరవాత చాలా ఆదివారాలు మోకాళ్ళ మీద ఏడిచింది.

ఎందుకంటే నోవహు ఆ చేత్తోనే ఆమెని కొట్టేవాడు. పెళ్ళయిన రెండో నెలలో మొదలెట్టేడు. కూర చప్పగా ఉందని ఒకసారి, నవ్విందని ఒకసారి, నవ్వలేదని ఒకసారి. తాగి కొట్టేవాడు, తాగకుండా కూడా కొట్టేవాడు. కూతురు జూడీకి ఆరేళ్ళప్పుడు కొట్టిన దెబ్బకి శాలోమి ఎడమ చెవి వినపడ్డం మానేసింది. అడిగినవాళ్ళకి బాత్రూములో జారిపడ్డానని చెప్పేది. అడిగేవాళ్ళు కూడా తక్కువే. పక్క మేడలో ఉండే అనంతరామయ్య మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. శాలోమి ఇంటి తలుపు మూసుకున్నప్పుడల్లా వాళ్ళింట్లో టీవీ సౌండు పెరిగేది. మర్నాడు ఆయన భార్య అలివేలుమంగ గారు పాలగిన్నె అందుకుంటూ కళ్ళు దించుకునేది.

చెయ్యి పోయేక నోవహు మారిపోయేడు. ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం రాక పళ్ళెం ముందు ఏడ్చేవాడు. శాలోమి కలిపి ముద్దలు పెట్టేది. మేక తన్నకుండా రెండు మోకాళ్ళ మధ్య పట్టుకోవడం నేర్చుకున్నాడు. కోళ్ళకి నూకలు జల్లుతూ వాటితో మాట్లాడేవాడు. ఒకసారి ఆమెకి జ్వరమొస్తే తనే గంజి కాచేడు, సగం పొయ్యిలో పోసేసినా సరే. ఇరవయ్యేళ్ళ కాపరంలో శాలోమికి అదే మొదటి మంచికాలం.

ఎన్ని సబ్బులు అరగదీసినా అతని భుజం దగ్గర బెల్లంపాకం వాసన మాత్రం పోలేదు. మరుసటి ఏడు గానుగలు మొదలైన రోజుల్లో తేనెటీగలు ఆ వాసన పట్టుకుని వచ్చేయి. వారం తిరక్కుండా అరచేయంత పట్టు పెట్టేయి. శాలోమి ఏడాదికి రెండుసార్లు కొబ్బరిపీచు పొగ వేసి, మోచేతి కిందికి దిగిన భాగం వరకూ కోసి, తేనె పిండి సీసాల్లో పోసేది. మోచేయి పైన ఈగల పిల్లలుండే భాగాన్ని ముట్టుకునేది కాదు. కాలనీలో అందరూ ఆ తేనె కొనేవారు. దగ్గుకి మంచిదని మాస్టారు రోజూ ఒక చెంచా తాగేవారు.

అలా మూడేళ్ళు గడిచేయి. ఈ ఏడు వేసవిలో శాలోమి కీళ్ళజ్వరం వచ్చి రెండు నెలలు మంచం దిగలేకపోయింది. తేనె కొయ్యలేదు. లేచి చూసేసరికి పట్టు మోచేయి దాటి మణికట్టు దాకా దిగింది. ఆమె పొగకుండ సిద్ధం చేస్తే నోవహు వద్దన్నాడు.

"ఉండనీ. నా చెయ్యి నాకొస్తంది," అన్నాడు.

మణికట్టు వచ్చేక అతని గొంతు మారింది. టీలో పంచదార తక్కువైందని గ్లాసు విసిరేడు, ఎడమ చేత్తోనే. ఆగస్టులో అరచెయ్యి వచ్చింది. దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూపించేడు. ఆ అరచేతిలో మైనపు గళ్ళు అచ్చం కాయలు కాసిన చర్మంలా ఉన్నాయి. సెప్టెంబరులో బొటనవేలు మొలిచింది. తరవాత చూపుడువేలు. ఆ రెంటితో గ్లాసు పట్టుకున్నాడు, బీడీ పట్టుకున్నాడు, మేక మెడకి పలుపు బిగించేడు. సారా కొట్టు దగ్గర పాత స్నేహితులు మళ్ళీ పిలవడం మొదలెట్టేరు. ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఆ చెయ్యి పైకెత్తి, దేవుడు తనని తిరిగి పూర్తి మనిషిని చేస్తున్నాడని సాక్ష్యం చెప్పేడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళ వైపు చాపమీద శాలోమి ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

జూడీ విశాఖపట్నంలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. వారానికోసారి ఫోను చేసేది. మేకలెలా ఉన్నాయని అడిగేది, కోళ్ళెలా ఉన్నాయని అడిగేది. అక్టోబరులో ఒకసారి అవన్నీ అడగలేదు.

"వేళ్ళొచ్చేయా అమ్మా?" అంది.

"మూడొచ్చేయి."

జూడీ, క్రిస్మస్‌కి డ్యూటీ వేసేలా ఉన్నారని, రావడం కుదరకపోవచ్చని చెప్పింది. శాలోమి సరేనంది. డ్యూటీ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

నవంబరులో కాలనీ సంఘం మీటింగు పెట్టేరు. సంఘానికి మాస్టారే ప్రెసిడెంటు. కొత్తగా దిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మేకల మీద ఫిర్యాదు రాసిచ్చేరు: తెల్లవారకుండానే అరుస్తున్నాయని, పెంటికల కంపు కిటికీల్లోంచి వస్తోందని, కోళ్ళు కార్ల మీదెక్కి రెట్టలు వేస్తున్నాయని. అందులో అబద్ధమేమీ లేదు. తేనెటీగల మాట ఎవరూ ఎత్తలేదు. అది మనిషి చెయ్యి కదా. మాస్టారి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి అందరూ కూచున్నారు. నోవహు చివరి కుర్చీలో కూచున్నాడు, శాలోమి మెట్ల దగ్గర నిలబడింది. నెలాఖరుకి మేకల్ని ఊరి బయటికి పంపెయ్యాలని, కోళ్ళని గంప కింద నుంచి వదలకూడదని తీర్మానం చేసేరు. నోవహు ఏదో చెప్పబోతే ఫణిశ్రీనివాస్ అని బ్యాంకులో పనిచేసే కుర్రాడు, మీకేం తెలుస్తుందండీ, మీ ఆవిడ చెప్తుందిలెండి, ఇల్లు నడిపేది ఆవిడే కదా, అన్నాడు. తప్పుగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. కొందరు నవ్వేరు.

నోవహు ముందు నడిచేడు, శాలోమి వెనక నడిచింది. ఇంట్లోకి వచ్చేక అతను తలుపు వేసేడు. చిటికెనవేలు ఆ వారమే పూర్తయింది.

దెబ్బ పాత దెబ్బలా లేదు. మైనం మెత్తన, తేనె బరువు. చెంప మీద తడిగా పడింది, అంతే. కానీ ఆ అదురుకి పట్టులో ఈగలన్నీ ఒక్కసారి లేచేయి. ఆమె మొహం మీద, మెడ మీద, మూసుకున్న కళ్ళ మీద కుట్టేయి. నోవహుని ఒక్కటీ కుట్టలేదు. అతను ఐదు వేళ్ళూ తెరిచి చూసుకున్నాడు. చిటికెనవేలు కొంచెం సొట్టపోయింది. మూలకి నక్కిన ఆమెని మళ్ళీ కొట్టేడు. పక్కింట్లో టీవీలో ఏదో పాటల పోటీ వస్తోంది. చప్పట్లు గట్టిగా వినిపించేయి.

మరుసటి ఆదివారానికి కూడా వాపు తగ్గలేదు. ఒక కన్ను సగమే తెరుచుకునేది. చర్చి మెట్ల దగ్గర పెద్దావిడ అచ్చియ్యమ్మ గెడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి, ఏటయిందే గుంటా, అని అడిగింది.

"తేనెటీగలు కుట్టేయి," అంది శాలోమి.

ఇరవై నాలుగేళ్ళలో ఆ ప్రశ్నకి ఆమె నిజం చెప్పడం అదే మొదటిసారి. అచ్చియ్యమ్మ పసుపు రాసుకోమంది.

సోమవారం సాయంత్రం మాస్టారు ప్రహరీ దగ్గరకొచ్చి, తీర్మానం కాపీ ఒకటి ఇచ్చి, నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులే ఉందని గుర్తు చేసేరు. తనకి వ్యక్తిగతంగా ఏమీ లేదన్నారు. మేకలు అరిస్తే మాత్రం తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోందని, ఈ వయసులో నిద్ర చెడితే మళ్ళీ పట్టదని చెప్పేరు. ఆయన వెనక మెట్ల మీద అలివేలుమంగ గారు నిలబడి వింటోంది. శాలోమి కాగితం తీసుకుంది. వాచిన పెదవుల వల్ల మాట మెల్లిగా వచ్చింది.

"మేక అరిస్తే మీకు నిద్ర పట్టట్లేదు. నాను అరిసినప్పుడు పట్టేదా మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది మీ ఇంటి విషయమమ్మా, మేమెలా కలగజేసుకుంటాం, అన్నారు. లోపలికి వెళ్ళిపోయేరు. అలివేలుమంగ గారు మాత్రం మెట్ల మీదే ఉండిపోయింది. మర్నాడు పాలగిన్నెతో పాటు ఒక ఆయింట్‌మెంటు ట్యూబు ప్రహరీ మీద పెట్టింది.

రెండు రోజులకి నోవహే తేనె కొయ్యమన్నాడు. పట్టు తేనెతో బరువెక్కి భుజం లాగేస్తోందట, పడుకోలేకపోతున్నాడట. వేళ్ళ జోలికి పోవద్దని, మోచేతి కింద లావుగా ఉన్నచోట పైపైన గీసి తేనె తియ్యమని చెప్పేడు.

ఎండ నడినెత్తికొచ్చేక శాలోమి వాకిట్లో పీట వేసింది. పగిలిన కుండలో కొబ్బరిపీచూ ఎండిన మేకపెంటికలూ వేసి ముట్టించింది. పెద్ద అల్యూమినియం బేసిను తెచ్చి అతని పక్కన పెట్టింది. మేకలు గోడ నీడలో పడుకుని నెమరు వేస్తున్నాయి. నోవహు చొక్కా విప్పి కూచున్నాడు. పొగ కళ్ళల్లోకి పోతోందని మొహం అటు తిప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈగలు పొగకి మత్తెక్కి పట్టుని అంటిపెట్టుకుపోయేయి. ఆమె ఆ చేతిని కిందినుంచి మీదికి చూసింది. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు, మోచేయి. మోచేయి పైన ఈగల పిల్లలున్న గళ్ళు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె కత్తి అక్కడిదాకా పోలేదు. ఆ పిల్లలకి ఏం పాపం తెలీదని ఆమెకి తెలుసు. మనసులోనే వాటికి క్షమాపణ చెప్పుకుంది. కత్తి భుజం దగ్గర పెట్టి, చర్మానికి ఆనించి, ఒకే ఊపున కిందికి లాగింది.

మైనానికి నొప్పి తెలీదు. నోవహుకి తేలిగ్గా అనిపించిందంతే. "హమ్మయ్య," అన్నాడు కళ్ళు మూసుకునే. తరవాత బేసిన్లో ఏదో బరువుగా పడ్డ చప్పుడుకి కళ్ళు తెరిచేడు.

చెయ్యి మొత్తం బేసిన్లో వెల్లకిలా పడి ఉంది, ఐదు వేళ్ళూ తెరుచుకుని. తెగినచోట నుంచి తేనె కారుతోంది.

అతను బేసిను వైపు చూసేడు, ఆమె వైపు చూసేడు. లేచి నిలబడ్డాడు. శాలోమి కత్తి పట్టుకుని అలాగే నిలబడింది. అతని ఎడమ చెయ్యి సగం దాకా లేచి, అక్కడ ఆగింది. దానికి ఆ పని రాదు. మెల్లిగా కిందికి దిగిపోయింది.

"ఎందుకే?" అన్నాడు.

ఆమె కత్తి కడగడానికి కుళాయి దగ్గరికి పోయింది.

అప్పటికి ఈగలన్నీ గాల్లోకి లేచేయి. వాకిలంతా నల్లగా తిరిగేయి. కోళ్ళు గంప కిందికి దూరేయి. నోవహు భుజం ముందుకి పెట్టి, విప్పేసిన చొక్కా ఖాళీ చేతిని ఎడమ చేత్తో నోరు తెరిచి పట్టుకుని, రండి, రండి, అని పిలుస్తూ వాటి కింద తిరిగేడు. అవి ఒకటి రెండుసార్లు అతని చుట్టూ తిరిగేయి. తరవాత పోయి ఇంటి గుమ్మం పైకమ్మి మీద వాలేయి. సాయంత్రానికి అక్కడ గుమ్మానికి అడ్డంగా తెర కట్టినట్టు వేలాడుతున్నాయి. శాలోమి తల వంచి కిందనుంచి లోపలికి పోయింది. మేకపిల్ల లోపలికి పోయింది. ఒక పెట్ట కూడా పోయింది. నోవహు గడప మీద కాలు పెట్టగానే తెరంతా ఒక్కసారి ఝుమ్మంది. కుట్టలేదు. చప్పుడు చేసిందంతే. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

మూడు రోజులు అరుగు మీదే ఉన్నాడు. శాలోమి వేళకి పళ్ళెం బయట పెట్టేది, అతను ఎడమ చేత్తో తినేవాడు. రోజుకి పదిసార్లు గడప దగ్గరికి పోయి నిలబడేవాడు. మొదటిరోజు తిట్టేడు. రెండో రోజు బతిమాలేడు. మూడో రోజు ఏమీ అనలేదు. నాలుగో రోజు పొద్దున్న రెండు చొక్కాలు సంచిలో పెట్టించుకుని, రావికమతంలో తమ్ముడింటికి షేరాటో ఎక్కేడు.

శాలోమి కూతురికి ఫోను చేసి, కోసేసేనే, అని చెప్పింది. ఎంతవరకూ అని జూడీ అడిగింది. భుజం దాకా అంది.

నెలాఖరుకి మాస్టారు వచ్చేరు. వాకిట్లో మేకలున్నాయా అని చూసేరు, గుమ్మం మీద పట్టు చూసేరు. శాలోమి అప్పటికే రెండు మేకల్ని మాడుగుల వైపు మనిషికి అమ్మేసింది. తోలుకుపోతుంటే అవి వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి అరిచేయి. ఆమె చెవిటి చెవి అటు తిప్పుకుని కూచుంది. మూడో మేకా పిల్లా ఇంట్లో ఆమె మంచం పక్కన ఉన్నాయి. వాటి సంగతి మాస్టారు అడగలేదు. ఆ నెల తేనె సీసా కూడా అడగలేదు.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు ఎరిక్ పాస్టరు గారు ఇద్దరు సంఘ పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చేరు. వాళ్ళ వెనక నోవహు ఉన్నాడు, గెడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఖాళీగా ఉన్న చొక్కా కుడిచేతిని మడిచి మరదలు పిన్నీసు పెట్టింది. పండక్కి భార్యాభర్తలు కలిసి ఉండాలని, క్షమించడం పెద్ద గుణమని పాస్టరు గారు దారంతా చెప్పుకుంటూ వచ్చేరు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వెళ్ళేరు. పెద్దలిద్దరూ వెళ్ళేరు. ఈగలు పలకలేదు. నోవహు కాలెత్తేడు. తెర ఝుమ్మంది. కాలు దించేడు. కాసేపాగి మళ్ళీ ఎత్తేడు. మళ్ళీ ఝుమ్మంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

లోపల ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. జూడీ టీ తెచ్చి ఇచ్చింది. ముందురోజే హాస్టల్ నుంచి వచ్చింది. పాస్టరు గారు దారిలో అనుకున్న మాటల్లో సగం కూడా చెప్పలేదు. శాలోమి మొహం మీద ఈగలు కుట్టిన మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. వాటిని దగ్గరగా చూడ్డం ఆయనకి అదే మొదటిసారి. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగేరు. చెవి గురించి అడిగేరు, ఎప్పటినుంచని. ఆమె చెప్పింది. జారిపడ్డానని చెప్పలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి ప్రార్థన చేసేరు. ప్రార్థన చిన్నదే.

బయటికొచ్చేసరికి నోవహు అరుగు మీద కూచుని గుమ్మం మీది పట్టుని చూస్తున్నాడు. అప్పుడే జానెడు మైనం దిగింది.

"మూడేళ్ళు నా ఒంటిమీద బతికేయండి అయ్యగారూ," అన్నాడు. "నన్ను గుర్తుపట్టలేదేటి?"

పాస్టరు గారు చెప్పులు వేసుకుంటున్నారు.

"గుర్తుపట్టేయి బాబూ," అన్నారు. "పద. చీకటి పడితే రావికమతం ఆటోలు దొరకవు."

నోవహు లేచి ఆయన వెనక నడిచేడు. లోపల శాలోమి గ్లాసులు కడిగి బోర్లించి, మేకకి ఆకు వేసి, తలుపు తీసే ఉంచి కాసేపు నడుం వాల్చింది.